కెనడా గురవమ్మ పెట్టిన గంజి

పాళెంలో గురవమ్మలు నలుగురుండేవారు. గూని గురవమ్మ, బావికాడి గురవమ్మ, నత్తి గురవమ్మ, ఈ ముగ్గురూ ఎట్లా పుట్టారో అట్లాగే బతికారు, వాళ్ళ గురించి చెప్పుకోవడానికేం లేదు. నాలుగో ఆమె కెనడా గురవమ్మ. కోట ఊరికి తూర్పుగా ఇసకదారిన బండి మీద రెండు గంటలు పోతే వచ్చే, చేపలు పట్టే పట్టపోళ్ళ పాళెంలో పుట్టి, ఆ పాళెంలోనే పోలేరయ్యను చేసుకుని, గూడూరు దాటి ఎరగని మనిషి. రైలును చూసిందిగానీ ఎక్కలేదు. అయినా కోట సంతలో ఎవడన్నా తూకంలో చెయ్యి వాల్చాడంటే, "మా కెనడాలో ఇట్టాంటి పాడుపనులు చెయ్యరబ్బయ్యా" అని సంతంతా వినేట్టు చెప్పేది. కొత్తవాళ్ళు నోరు తెరిచేవాళ్ళు. పాతవాళ్ళు, కెనడా వచ్చింది, తూకం సరిగ్గా వెయ్యండ్రా అని నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో సగం ఎగతాళి ఉందని ఆమెకు తెలుసు. మిగతా సగం తనకు చాలు.

ఆ పేరు ఊరికే రాలేదు. జెల్లచేప ముల్లు పుణ్యాన వచ్చింది.

యాభై అయిదో సంవత్సరంలో మిషనువాళ్ళు పాళేనికి ఒక నర్సమ్మను పంపి ఆస్పత్రి పెట్టించారు. ఆస్పత్రి అంటే మేడలూ మంచాలూ అనుకునేరు. రెండు గదుల సున్నపు ఇల్లు, ముందు వసారా, వెనక వంటకొట్టం, అంతే. నర్సమ్మ పేరు ఆగ్నెస్ దొరసాని. ఉడికించిన పీతలాగా ఎర్రటి మొహం, గోచీ బిగించినట్టు వెనక్కి లాగి ముడేసిన జుట్టు. ఆమె వచ్చిన నెలకే గురవమ్మ అరచేతిలో జెల్లచేప ముల్లు దిగింది. పసుపు పెట్టింది, సున్నం పెట్టింది, రెండు రోజులకు చెయ్యి గుమ్మడికాయంత అయింది. పోలేరయ్య ఆమెను రెక్క పట్టుకుని ఆస్పత్రికి ఈడ్చుకుపోయాడు.

దొరసాని కోసి ముల్లు తీసింది. తీసేటంతసేపూ గురవమ్మ ఆమె ఏడు తరాలను సముద్రంలో ముంచి లేపింది. దొరసానికి తెలుగు బాగానే వచ్చు, పుస్తకంలో తెలుగు. తిట్లన్నీ విని, కట్టు కట్టి, చేతులు కడుక్కుని వచ్చి, "నన్ను క్షమించండమ్మా, మీకు చాలా నొప్పి కలిగించాను" అంది.

గురవమ్మ నోరు పడిపోయింది. ముప్పై అయిదేళ్ళ బతుకులో ఆమెతో ఆ మాట అన్నవాళ్ళు లేరు. తండ్రి అనలేదు, అత్త అనలేదు, తాగి వచ్చి చట్టి పగలగొట్టిన రోజు పోలేరయ్య అనలేదు. పాళెంలో కాలు తగిలితే ఒంగి ముట్టుకుని కళ్ళకద్దుకుంటారు. చిన్నా పెద్దా లేదు, మొగుడైనా పెళ్ళామైనా సరే. అది తెలిసిన మర్యాదే. కానీ నోటితో తప్పు ఒప్పుకోవడమనేది పంచాయితీలో దండగ పడ్డవాడు చేసే పని. ఒక దొరసాని, తిట్టినదానికి ఎదురు క్షమాపణ చెప్పింది.

మర్నాడు ఒంటి చేత్తో నాలుగు వంజరం ముక్కలు తీసుకుపోయి ఇచ్చింది. మూడో రోజు వంటకొట్టంలో పొగ చూసి, "పొయ్యి అట్టా పెట్టరమ్మా, లెయ్యి" అని తనే కూర్చుంది. కూర్చున్న మనిషి పదేళ్ళు లేవలేదు.

మందుకు వచ్చినవాళ్ళందరూ దొరసానిని అమెరికా దొరసాని అనేవాళ్ళు. తెల్లగా ఉంటే ఇంగ్లీషు, మందులిస్తే అమెరికా, పాళెంలో లెక్క అది. ఆగ్నెస్ దొరసాని ఎంత పనిలో ఉన్నా ఆ మాట మాత్రం వదిలేది కాదు. సూది గుచ్చుతూనే, "అమెరికా కాదు, కెనడా" అనేది. "అమెరికా మా పక్కిల్లు. పక్కింటివాళ్ళు గట్టిగా మాట్లాడతారని మనం వాళ్ళ ఇంటిపేరు పెట్టుకుంటామా?"

"మరి మీరెందుకమ్మా గట్టిగా మాట్లాడరు?"

"మాకు చలి. నోరు తెరిస్తే మంచు లోపలికి పోతుంది."

గురవమ్మకు ఈ మాటలు బెల్లం ముక్కల్లాగా ఉండేవి. చెంగున కట్టుకుని ఇంటికి తెచ్చి పోలేరయ్యకు వడ్డించేది. బడి అయ్యవారు సంజీవరావు ఒకసారి ప్రపంచ పటం తెచ్చి వసారాలో పరిచాడు. కెనడా పైన గులాబి రంగులో ఉంది. గురవమ్మ దాని మీద అరచెయ్యి పెట్టింది. చుట్టూ ఇంకా మిగిలింది. ఇంగ్లండు ఎక్కడని అడిగి చూస్తే అది బొటనవేలి గోరు కింద దాక్కుంది.

"ఈ గోరంత దేశమా అయ్యవారా మనల్ని ఏలింది?"

సంజీవరావు దగ్గాడు. దొరసాని నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు నుంచి గురవమ్మ కూడా ఆ దేశంలో సర్దుకుని కూర్చుంది. అరచేతిలో పట్టని దేశం తనది.

దొరసాని చెప్పిన వాటిలో గురవమ్మకు అన్నిటికంటే నచ్చింది కాలు తొక్కిన సంగతి. "మా దేశంలో మీరు ఒకరి కాలు తొక్కితే, తొక్కించుకున్నవాళ్ళే మీకు క్షమాపణ చెబుతారు" అని దొరసాని తన దేశాన్ని తనే ఎగతాళి చేసేది. ఆ ఎగతాళిలో ఎంత గర్వముందో గురవమ్మ పసిగట్టింది. అంతకంటే ఎక్కువ గర్వంతో ఆ మాట ఊరంతా చెప్పింది. అయితే ఆచరణ దగ్గరకొచ్చేసరికి, బావి దగ్గర ఎవతైనా కడవ తగిలిస్తే, "మేం కెనడావాళ్ళం కాబట్టి సరిపోయింది, లేకపోతే నీ కొప్పు ఈపాటికి నా చేతిలో ఉండేది" అనేది. క్షమాపణ పుచ్చుకోవడమే గానీ ఇవ్వడం ఆమెకు చేతకాలేదు. చేతకాలేదన్న సంగతి ఆమెకు తట్టనూ లేదు.

ప్రతి క్రిస్మసుకూ దొరసాని అక్కగారు ఒక డబ్బా పంపేది. వాళ్ళ దేశంలో ఏదో చెట్టుకు గాటు పెట్టి, కారిన నీళ్ళు కాచిన పాకమట. తాటిబెల్లం పాకానికి అన్నదమ్ముల వరస. దొరసాని దోసెల మీద పోసుకుని కళ్ళు మూసుకుని తినేది. ఆ డబ్బా దాచే అలమర తాళంచెవి గురవమ్మ మొలన ఉండేది. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆమె నడక వేరుగా ఉండేది.

అట్లా తొమ్మిదేళ్ళు గడిచాయి. అరవై నాలుగు ఎండాకాలంలో బండి దిగింది మగ్దలీనమ్మ.

ఇరవై రెండేళ్ళ పిల్ల. కావలి నుంచి వచ్చింది. నర్సు పని సగం నేర్చుకుంది, మిగతా సగం దొరసాని దగ్గర నేర్చుకోమని మిషనువాళ్ళు పంపారు. తెల్లచీర, నల్లగొడుగు, చేతికి గడియారం. వచ్చిన రోజు గురవమ్మకు చేతులు జోడించి, "మీరేనా గురవమ్మక్క? దొరసానమ్మ ఉత్తరంలో మీ గురించే రాసినారు" అంది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తప్పు పట్టడానికి ఏమీ లేని మనిషిని భరించడం ఎంత కష్టమో భరించినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ పిల్లకు ఇంగ్లీషు వచ్చు. సాయంత్రం వసారాలో దొరసానీ ఆమే మాట్లాడుకునేవాళ్ళు. గురవమ్మ వంటకొట్టంలో చేపల పొలుసు తీస్తూ వినేది. మాట అర్థం కాకపోతే పోయె, దొరసాని నవ్వు అర్థమయ్యేది. తొమ్మిదేళ్ళుగా తను తెప్పించిన నవ్వది. ఇప్పుడు వేరే భాషలో, ఇంకాస్త సుళువుగా వస్తోంది.

"ఏందమ్మా అంత నవ్వు?" అని ఒకసారి గుమ్మంలో నిలబడి అడిగింది.

"మా ఊళ్ళో మంచు గురించి చెబుతున్నాను గురవమ్మా."

"అది నాకు చెప్పినారు గదా. యాభై ఆరులోనే చెప్పినారు."

"అవును. ఈమెకు కొత్త కదా."

గురవమ్మ వెనక్కి వచ్చి చేపను ఇంకో రెండు సార్లు గీకింది. దానికి పొలుసు ఎప్పుడో పోయింది.

డిసెంబరులో పాకం డబ్బా వచ్చింది. దొరసాని తాళంచెవి అడిగి, డబ్బా తీసి, మగ్దలీనమ్మకు గరిటెడు రుచి చూపించింది. తాళంచెవి మళ్ళీ గురవమ్మ మొలకు రాలేదు. సంక్రాంతి లోపలే పాళెంలో పిల్లకాయలు తెల్లచీర కనిపిస్తే, "కెనడా అక్క వస్తుండాది" అని పరుగెత్తడం మొదలుపెట్టారు. గురవమ్మ చెవినపడింది. చేపల తట్ట దించి మరీ వింది. కెనడా అక్క. మరి తను? పిల్లకాయలు తనను చూసి, "గురవమ్మవ్వా, ఇంకో కెనడా వచ్చిందిగా" అన్నారు. అవ్వ అన్నదానికి కాదు ఆమెకు కడుపు మండింది, ఇంకో అన్నదానికి.

రాత్రి కూడు పెడుతుంటే పోలేరయ్య మొహం చూసి, "ఏందే, సముద్రం ఎండిపోయిందా?" అన్నాడు.

"నీకు మంచీ చెడ్డా పట్టవు, తిను."

"ఆ కావలి పిల్ల నీ ఆస్తేమన్నా రాయించుకునిందా?"

"నా పేరు రాయించుకునింది" అంది గురవమ్మ. "అంతకన్నా నాకేముండాది రాయించుకునేదానికి?"

పోలేరయ్య తన కంచంలోంచి చేప ముక్క తీసి ఆమె కంచంలో వేశాడు.

అరవై అయిదు మార్చిలో అక్కగారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అందులో పత్రికలో నుంచి కత్తిరించిన బొమ్మ ఒకటి. దొరసాని దాన్ని చేత్తో పట్టుకుని రోగుల వరస వదిలేసి వంటకొట్టంలోకి వచ్చింది. అట్లా రావడం ఎప్పుడూ లేదు.

"గురవమ్మా, మాకు జెండా వచ్చింది. ఇన్నాళ్ళూ మా జెండాలో ఒక మూల ఇంగ్లండు కూర్చుని ఉండేది. ఇప్పుడు పూర్తిగా మాది."

నలుపు తెలుపు బొమ్మే గానీ రంగులు ఉత్తరంలో రాసి ఉన్నాయట. రెండు పక్కలా ఎరుపు, నడుమ తెలుపు, తెలుపు మీద ఒక ఎర్రటి ఆకు. గురవమ్మ వెలుతురుకు పెట్టి చూసింది.

"ఆముదపాకు."

"కాదు, కాదు. ఆ పాకం వచ్చే చెట్టు ఆకు."

"అయితే సరే. అన్నం పెట్టే చెట్టును నెత్తిన పెట్టుకునినారు, మంచిపనే" అంది గురవమ్మ. కడుపు నిండింది ఆ రోజు. తనకే ముందు చూపించింది, ఆ పిల్ల ఇంకా గాయాలు కడుగుతోంది.

జూలై ఒకటో తేదీ వాళ్ళ దేశానికి పండుగ. ఆ రోజు ఆస్పత్రి ముందు జెండా ఎత్తాలని దొరసాని అనుకుంది. సంజీవరావు అయ్యవారు వచ్చి మన జెండా కూడా పక్కనే, దానికంటే ఎత్తుగా ఉండాలని చెప్పాడు. అతిథి ఇంటివాళ్ళకంటే ఎత్తు పీట మీద కూర్చోకూడదని దొరసాని వెంటనే ఒప్పుకుంది. అంతా బాగానే ఉంది. జెండా కుట్టే పని మాత్రం మగ్దలీనమ్మకు ఇచ్చింది.

గురవమ్మ తెరచాపలు కుట్టిన చెయ్యి. నడిసముద్రంలో గాలికి పిగలని కుట్టు ఆమెది. ఆస్పత్రిలో చేతి కుట్టుమిషను ఒకటి ఉంది, మగ్దలీనమ్మకు అది తిప్పడం వచ్చు, అందుకని ఆమెకిచ్చింది. దొరసాని మనసులో అంతకుమించి ఏమీ లేదు. గురవమ్మ మనసులో మాత్రం చాలా ఉంది.

ఎర్రగుడ్డ కోట బజారులో కొన్నారు. మగ్దలీనమ్మ దాన్ని వంటకొట్టం అరుగు మీద పరిచి ఆకు గీస్తుంటే, గురవమ్మ నీళ్ళ చెయ్యి తుడుచుకోకుండా వచ్చి గుడ్డ అంచు పట్టుకుంది. బొటనవేలు ఎర్రబడింది.

పచ్చి రంగు. కొత్త ఎర్రగుడ్డను గుప్పెడు ఉప్పు వేసిన నీళ్ళలో ఒక పూట నానేసి, విడిగా జాడించి, ఆరేసి, అప్పుడు దేనికన్నా జత చెయ్యాలి. సముద్రపొడ్డున పుట్టిన ఆడదానికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. కావలి పిల్లకు నేర్పాలి.

గురవమ్మ బొటనవేలిని చీర లోపలి మడతకు తుడుచుకుంది. ఆ పూటే పోలేరయ్యకు చెప్పింది, పాకం తిన్నంత ఇష్టంగా చెప్పింది. పోలేరయ్య వల బాగుచేస్తున్నవాడు తల ఎత్తకుండా, "కెనడాలో ఇట్టాగే చేస్తారా?" అన్నాడు.

"నువ్వు వల చూసుకో."

"నేను వలే చూసుకుంటుండా. నువ్వే దేశాలు చూసుకునే మనిషివి, అందుకని అడిగినా."

జూన్ ముప్పై సాయంత్రానికి కుట్టు పూర్తయింది. నిజం చెప్పుకోవాలి, బాగా కుట్టింది. ఆకు మొనలన్నీ తీరుగా వచ్చాయి. ఒకటో తేదీ పొద్దున్నే దొరసాని పక్క పాళెంలో కాన్పు ఉందని బండి ఎక్కి పోయింది. జెండా మెత్తగా వేలాడుతోంది, గంజి పెడితే గాలికి నిలబడుతుందని మగ్దలీనమ్మకు ఆలోచన వచ్చింది. వంటకొట్టంలోకి వచ్చి అడిగింది. గురవమ్మ అన్నం వార్చిన గంజి చట్టి అందించింది. మంచి చిక్కటి గంజి. పొగలు కక్కుతోంది.

"ఇది చల్లారాలా అక్కా? ఇంకేమన్నా కలపాలా?"

ఉప్పు కుండ చేతికి అందేటంత దూరంలో ఉంది. గురవమ్మ దాని వైపు చూసింది కూడా.

"నీకు తెలీంది నాకేం తెలుసు మే. చదువుకున్నదానివి, నీకు తోచినట్టు చెయ్యి" అంది.

పిల్ల జెండాను వేడి గంజిలో ముంచింది.

దండెం మీద ఆరేసిన అరగంటకు చూస్తే నడుమ తెలుపన్నది లేదు. ఎరుపు కారి, పాకి, జెండా మొత్తం గులాబి రంగయింది. ఆకు ఒక్కటే కాస్త ముదురుగా, నీళ్ళలో పడ్డ మనిషి పైకి చూసినట్టు కనిపిస్తోంది. కోటకు పోయి గుడ్డ తెచ్చి మళ్ళీ కుట్టే వేళ లేదు. సాయంత్రం నాలుగింటికి పాళెమంతా వస్తుంది. మగ్దలీనమ్మ దండెం కింద ఇసకలో కూలబడింది. ఏడుపు బయటకు రాలేదు, భుజాలు మాత్రం ఎగురుతున్నాయి.

గురవమ్మ వంటకొట్టం గుమ్మంలో నిలబడి చూసింది. సంవత్సరం నుంచి ఎదురుచూసిన చల్లదనం కడుపులోకి దిగింది. దిగి, అక్కడ ఎంతోసేపు ఉండలేదు.

దొరసాని పన్నెండింటికి తిరిగివచ్చింది. జెండాను చూసింది. పిల్లను చూసింది. గురవమ్మ గుమ్మం దిగి దగ్గరకు వచ్చింది. ఇప్పుడు పడతాయి అక్షింతలు.

దొరసాని పోయి పిల్ల పక్కన ఇసకలోనే కూర్చుంది. ఈసారి తెలుగులోనే అంది. "నన్ను క్షమించు మగ్దలీనా. కొత్తరంగు సంగతి నేనే ముందు చూసుకోవాల్సింది. కంగారులో మరిచిపోయాను."

గురవమ్మకు ఎవరో జెల్లముల్లు మళ్ళీ దించినట్టయింది, ఈసారి చేతిలో కాదు. ఆ మాట తనది. పదేళ్ళ కిందట, అరచెయ్యి గుమ్మడికాయంత వాచినప్పుడు, తనకిచ్చిన మాట. తాళంచెవి పోతే పోయింది, పేరు పోతే పోయింది, ఇదొక్కటి తన దగ్గరే ఉందనుకుంది. గుడ్డ పాడుచేసిన పిల్లకు అది ఉచితంగా దొరికింది. దొరికేట్టు చేసింది ఎవరు? తనే.

దొరసాని లేచి, జెండాను అటూ ఇటూ తిప్పి చూసి, "పుట్టి అయిదు నెలలు కూడా కాలేదు. పసిబిడ్డ ఒంటిరంగు ఇట్లాగే ఉంటుంది. ఇంత పెద్ద బిడ్డను నేనింతవరకు చూడలేదు" అంది. అని ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు వెయ్యమంది.

నాలుగింటికి పడమటి గాలి లేచింది. పాళెమంతా ఆస్పత్రి ముందు చేరింది. మన జెండా ఎత్తుగా, దాని పక్కన కాస్త కిందుగా గులాబి జెండా. గంజి బాగా పట్టింది, పలకలాగా నిలబడింది. సంజీవరావు అయ్యవారు కళ్ళద్దాలు సర్దుకుని, పటంలో కెనడా సరిగ్గా ఇదే రంగని పిల్లకాయలకు చెప్పాడు. పిల్లకాయలు నమ్మారు. దొరసాని రెండు ముక్కలు మాట్లాడింది.

"పదేళ్ళుగా మీకు చెబుతున్నాను, అమెరికా కాదు, కెనడా అని. మీరు వినలేదు. ఇక నుంచి నేను నోరు నొప్పి చేసుకోను. జెండా చూపిస్తాను."

అందరూ నవ్వారు. దొరసాని వెనక్కి తిరిగింది. "దీన్ని మగ్దలీనమ్మ కుట్టింది. గంజి మన గురవమ్మ ఇచ్చింది. ఇద్దరూ లేకపోతే ఇది ఇట్లా నిలబడేది కాదు."

చప్పట్లు కొట్టారు. ముందు వరసలో పోలేరయ్య కూడా కొట్టాడు, పెళ్ళాం మొహంలోకి చూస్తూ కొట్టాడు. గురవమ్మ ఆ చూపు తప్పించుకోవడానికి జెండా వైపు తిరిగింది. అక్కడా లాభం లేకపోయింది.

నిమ్మకాయ నీళ్ళు తాగి జనం పోయాక, వెనక అరుగు మీద మగ్దలీనమ్మ గ్లాసులు కడుగుతోంది. గురవమ్మ పొయ్యి ఊడ్చడానికి వచ్చింది. పిల్ల తల ఎత్తకుండానే అంది.

"అక్కా, నేను రేపు కావలికి ఉత్తరం రాస్తుండా. వేరే ఊరు ఏదన్నా ఇమ్మంటా."

"ఎందుకు?"

"గంజి పెట్టడం చేతకానిదానికి సూది పెట్టడం యాడ చేతనయితాది? దొరసానమ్మ నవ్వింది గానీ, ఆమె ఆ జెండా కోసం ఎన్నేళ్ళు చూసిందో నాకు తెలుసు."

గురవమ్మ చీపురు పట్టుకుని నిలబడిపోయింది. నోరు మూసుకుంటే చాలు. ఒక్క నాలుగు రోజులు నోరు మూసుకుంటే ఈ తెల్లచీర బండెక్కిపోతుంది. వసారాలో ఇంగ్లీషు ఆగిపోతుంది. పాకం డబ్బా తాళంచెవి మొలకొస్తుంది. కెనడా ఎవరంటే, మళ్ళీ ఒక్కతే. ఇంత సుళువుగా ఏదీ చేతికందలేదు ఆమెకు పుట్టాక.

అందుకోబోయింది కూడా. కానీ పోలేరయ్య మాట అడ్డంగా కూర్చుంది. కెనడాలో ఇట్టాగే చేస్తారా. చెయ్యరు. తొక్కించుకున్నవాళ్ళే క్షమాపణ చెప్పే దేశమది. ఈ పిల్ల పోయాక పాళెమంతా తనను కెనడా అని పిలుస్తుంది. పిలిచినప్పుడల్లా తను ఒక్కతే వింటుంది, ఆ జెండా గంజిలో మునిగిన చప్పుడు. ఆ పేరు దక్కించుకోవడానికి చేసిన పనే ఆ పేరును తినేస్తుంది.

అయితే నోట్లో నుంచి మాట రావాలి గదా. నలభై అయిదేళ్ళుగా రాని మాట ఇప్పుడు రమ్మంటే ఎట్లా వస్తుంది? క్షమించు అన్నది దొరసాని మాట, పుస్తకంలో మాట. గురవమ్మ నాలుక మీద అది కూర్చోదు. పైగా కూతురు వయసు పిల్ల. చేతులు జోడించడం కుదరదు, కాళ్ళు పట్టుకోవడం కుదరదు.

గురవమ్మ రెండు మూడు సార్లు అరుగు మీద అటూ ఇటూ ఊడ్చింది. ఊడ్చిన చోటే ఊడ్చింది. ఊడుస్తూ ఊడుస్తూ పిల్ల దగ్గరగా వచ్చి, కావాలనే, బరువుగా, ఆమె కాలు తొక్కింది.

"అబ్బ."

కాలు తగిలిందిగా, ఇంక మర్యాద చెయ్యాల్సిందే. దీనికి వయసు అడ్డం లేదు. గురవమ్మ చీపురు పడేసి, ఒంగి, పిల్ల పాదాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకుంది. ఒకసారి చాలు, మూడు సార్లు అద్దుకుంది.

"ఏంటక్కా, పర్లేదులే, చూసుకోలేదు గదా" అంది మగ్దలీనమ్మ కంగారుగా.

"చూసుకునే తొక్కినా" అంది గురవమ్మ ఇంకా ఒంగే ఉండి. "ఇది కాలు తొక్కినందుకు కాదు మే. ఆ ఎర్రగుడ్డ పచ్చిరంగని నువ్వు గీసేరోజే నాకు తెలుసు. నా బొటనవేలికి అంటింది. ఉప్పునీళ్ళలో నానెయ్యమని చెప్పలా. నువ్వు ఇంకేమన్నా కలపాలా అని నోరారా అడిగినావు, అప్పుడూ చెప్పలా. వేడిగంజి నేనే అందించినా."

గ్లాసులోని నీళ్ళు అరుగు మీదికి కారిపోతున్నాయి. పిల్ల చూసుకోలేదు.

"ఎందుకక్కా? నేనేం చేసినా నిన్ను?"

"ఏం చెయ్యలా. అదే నా బాధ. ఏదన్నా చేసుంటే అప్పుడే తిట్టేసి ఊరుకునుందును." గురవమ్మ నడుం పట్టుకుని లేచి నిలబడింది. "పిల్లకాయలు నిన్ను కెనడా అంటుండారు. ఆ పేరు నాది. తొమ్మిదేళ్ళు పొగలో కూర్చుని సంపాదించినా. నువ్వు గొడుగేసుకుని బండి దిగితే నీకిచ్చేసినారు."

మగ్దలీనమ్మ మొహంలో కోపం వచ్చింది, అది న్యాయమైన కోపం. గురవమ్మ దానికి సిద్ధపడే నిలబడింది. పిల్ల అరిస్తే తనూ అరవచ్చు, అరుపుల్లో తను ఎవరికీ తీసిపోదు. పిల్ల అరవలేదు. పక్కనున్న గ్లాసు తీసి కడిగింది, ఇంకోటి కడిగింది. మూడో గ్లాసు దగ్గర ఆగి, తొక్కిన కాలు వైపు చూసుకుంది.

"ఉత్తరం రాయనులే" అంది. "రాస్తే నీకు మేలు చేసినదాన్నవుతా. ఆ మేలు నేను చెయ్యను."

"సరే" అంది గురవమ్మ. ఆ మాట ఆమెకు నచ్చింది. పిల్లకు కాస్త ఉప్పు ఉంది.

గురవమ్మ చీపురు తీసుకుని వెళ్ళబోతుంటే వెనక నుంచి వినిపించింది.

"అక్కా. నీ కాలి కింద నా కాలు పెట్టినందుకు నన్ను క్షమించు."

గురవమ్మ తిరిగి చూసింది. పిల్ల కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, పెదవి మాత్రం ఒక పక్కకు వంగింది. దొరసాని నవ్వే పద్ధతి అది. మాట కూడా దొరసాని మాటే, ఒక్క అక్షరం తేడా లేకుండా, పుస్తకంలో ఉన్నట్టు అనేసింది. తను పదేళ్ళ నుంచి ఊరంతా చాటి ఒక్కసారి అనలేకపోయిన మాటను, నిన్నగాక మొన్న వచ్చిన ఈ కావలి పిల్ల, కాలు నొప్పి తగ్గకముందే అనేసింది.

"చూడు, దీంట్లో కూడా" అనుకుంది గురవమ్మ. కడుపులో మంట మళ్ళీ రాజుకుంది. ఆ మంటతోనే వంటకొట్టంలోకి పోయి, మొలలో తాళంచెవి లేదని గుర్తొచ్చి, అటక మీద దాచుకున్న తాటిబెల్లం ముక్క తీసి, రెండుగా విరిచింది. పెద్ద ముక్క తన నోట్లో వేసుకుని, చిన్నది తెచ్చి పిల్ల తడిచేతిలో పెట్టింది.

"పెద్ద కెనడా నేనే" అంది. "అది గుర్తుపెట్టుకో."